జమ్మి ఆకుకు బదులు

సుభద్రకు కుళ్ళిపోయినవాటి మీద అసహ్యం లేదు. సింగపూర్‌లోని టోవా పాయోలో వాళ్ళ ఫ్లాట్‌కు వచ్చిన తెలుగువాళ్ళు కాఫీ తాగుతూ ఉంటే, వంటింట్లోంచి బూజు పట్టిన నిమ్మకాయ ఒకటి పట్టుకొచ్చి, "ఎంత అందంగా పట్టిందో చూడండి, చుట్టూ తెలుపు, మధ్యలో ఆకుపచ్చ" అనేది. వాళ్ళు కప్పులు కింద పెట్టేసేవాళ్ళు. పన్నెండేళ్ళ కూతురు అలేఖ్య, "ఛీ, అమ్మా, ప్లీజ్ లా, సో గ్రాస్" అని అక్కడి పిల్లల యాసలో అసహ్యించుకుని గది తలుపేసుకునేది.

ఆవిడకు రోత పుట్టించే పని ఒకటుంది. కుళ్ళిన చోట రంగు పూసి నలుగురికీ చూపించడం. అదే పని చేసే చోట ఆవిడకు ఉద్యోగం దొరికింది. ఖర్మ అంటే అలాగే ఉంటుంది మరి.

బాపట్లలో ఎమ్మెస్సీ చదివింది, మొక్కల తెగుళ్ళ మీద. పెళ్ళికి ముందు గుంటూరు చుట్టుపక్కల మిరపచేలల్లో కొమ్మ ఎండు తెగులు వెంట పడి తిరిగింది. ఆ తర్వాత గంగాధర్‌ను చేసుకుని సింగపూర్ వచ్చింది. గంగాధర్‌ది ఒక బ్యాంకులో పాత ప్రోగ్రాములను సరిచేసే పని. అలేఖ్యకు పన్నెండేళ్ళు వచ్చేసరికి, రెండు వేల సంవత్సరం అడుగు పెట్టగానే కంప్యూటర్లన్నిటికీ తిక్క పుడుతుందని లోకమంతా హడలిపోయే రోజులొచ్చాయి. గంగాధర్ లాంటివాళ్ళకు తీరిక లేదు, గిరాకీకి కొదవ లేదు. ఏ తెలుగువాళ్ళింటికి భోజనానికి వెళ్ళినా మొదటి ప్రశ్న, "ఏ టెక్నాలజీ అండీ మీది?" అని. "తెగుళ్ళు" అనేది సుభద్ర. అందరూ నవ్వేవాళ్ళు. తర్వాత జాలిపడి, ఏదైనా కోర్సులో చేరండి, కొన్ని వారాల్లో జావా వచ్చేస్తుంది అని సలహా ఇచ్చేవాళ్ళు. ఆకు చూసి వేరులోని జబ్బు చెప్పగల మనిషిని జావా నేర్చుకోమనే లోకం అది. ఏళ్ళ తరబడి ఆవిడ చదువంతా కారిడార్‌లోని కరివేపాకు కుండీకీ, మందార కుండీకీ ఖర్చయిపోయింది.

అప్పుడు తగిలాడు చక్రధర్. కరీంనగర్ మనిషి, మాట తేనె. సింగపూర్‌లోనే బ్లూబెర్రీలు పండించి ఇంటర్నెట్‌లో అమ్ముతానని బయలుదేరాడు. చలిదేశాల మొక్కను భూమధ్యరేఖ పక్కన ఎలా పెంచుతావయ్యా అని ఎవరూ అడగలేదు. పేరు చివర డాట్‌కామ్ తగిలిస్తే గాడిదకు కూడా పెట్టుబడి పుట్టే ఏడు అది. తువాస్‌లో, ఓడల యార్డులకు ఇవతల, ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని దానికి లోపల చలి పుట్టించే చిల్లర్లు బిగించాడు. పైన పెద్ద పెద్ద దీపాలు వేలాడదీశాడు. ఆస్ట్రేలియా నుంచి విమానంలో మొక్కలు దిగాయి. వాటి ఆరోగ్యం చూడటానికి ఒక మనిషి కావలసి వచ్చింది. సుభద్ర బూన్ లే దాకా ట్రైన్‌లోను, అక్కణ్ణించి కంపెనీ బస్సులోను వెళ్ళి, ఆ చల్లటి షెడ్డులో అడుగుపెట్టి, కుండీలోని మట్టిని వాసన చూసింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చాక చాలాసేపు ఊరికే నవ్వుతూ కూర్చుంది.

షెడ్డులో రెండు గదులు. ముందు గది వచ్చినవాళ్ళకు చూపించడానికి. వెనక గదిలో తల్లి మొక్కలు, నలభై చిల్లర. కొత్త సంవత్సరంలో వాటి కొమ్మలు కోసి నాటితేనే తోట పెరిగేది. ముందు గది ఏమైపోయినా ఫరవాలేదు, వెనక గది పోతే అంతా పోయినట్టే.

నెల తిరక్కుండానే ముందు గదిలో తెగులు కనబడింది. కొమ్మ మీద ఎర్రటి చిన్న మచ్చ మొదలై, గోధుమరంగుకు తిరిగి, అక్కడ బెరడు లోపలికి దిగబడి పగుళ్ళిచ్చింది. పైనున్న ఆకులు ఎండిపోయాయి గానీ రాలలేదు, కొమ్మను పట్టుకుని వేలాడుతున్నాయి. సుభద్ర కొమ్మను నిలువునా చీల్చి చూసింది. లోపల ఒక పక్కగా గోధుమరంగు చార పారి ఉంది. "క్యాంకర్" అంది. బూజు జాతి తెగులు. బెరడుకు ఎక్కడ గాయమైతే అక్కణ్ణించి లోపలికి దిగుతుంది. మందు కొట్టినంత మాత్రాన పోదు. మచ్చకు జానెడు కింద కోసి, లోపలి చెక్క తెల్లగా కనబడేదాకా ఇంకా కిందికి కోసుకుంటూ పోవాలి. కోతకు కోతకు మధ్య కత్తెరను స్పిరిట్‌లో ముంచాలి. నీళ్ళు మొక్క మొదట్లోనే పోయాలి, ఆకు తడవకూడదు. కోసి తీసిన కొమ్మలను కాల్చెయ్యాలి. సింగపూర్‌లో ఎక్కడ పడితే అక్కడ మంట పెట్టనివ్వరు కాబట్టి సంచుల్లో మూటకట్టి, చెత్త కాల్చే ప్లాంటుకు పోయే బండిలో వేయించేది.

ముందు గది గుండు కొట్టించినట్టయిందని చక్రధర్ గొణిగాడు. సుభద్ర లెక్క చెయ్యలేదు. ముందు గది కత్తెరలకు ఎర్ర టేపు చుట్టింది, వెనక గదివాటికి తెల్ల టేపు. ఎర్రది గడప దాటకూడదని చెప్పి, దాటబోయిన చేతిని ఒకటి రెండుసార్లు పట్టుకుని ఆపింది కూడా. అక్టోబరు దాకా తల్లి మొక్కల మీద మచ్చ పడలేదు. ఆవిడ ఒంటి మీద స్పిరిట్ వాసన చూసి, "రోజూ ఎవరితో తాగొస్తున్నావోయ్" అని గంగాధర్ ఏడిపించేవాడు.

దసరా వచ్చింది. షెడ్డులో ఆయుధపూజ అన్నాడు చక్రధర్. వాళ్ళమ్మ కమలాదేవి కొడుకు దగ్గరే ఉంటుంది, ఆవిడే పెద్ద. చిల్లర్లకు బొట్లు, పంపులకు బొట్లు. వెబ్‌సైట్ చూసే కుర్రాడు ఉదయ్‌కిరణ్ కీబోర్డు మీటల సందుల్లో కుంకుమ దూరి, తర్వాత వారం రోజులు వాడు ఏది నొక్కినా వేలు ఎర్రగా వచ్చేది. గుమ్మం ముందు కొట్టిన బూడిద గుమ్మడికాయను ఎవరూ ఎత్తలేదు, రెండో రోజుకు దాని మీద ఈగలు. కత్తెరలన్నీ కలిపి ఒకే ఇత్తడి పళ్ళెంలో పెట్టి పసుపు మెత్తారు. ఎర్ర టేపేదో తెల్ల టేపేదో ఆ పసుపు కింద దేవుడికే తెలియాలి.

హారతయ్యాక కమలాదేవికి జమ్మి గుర్తొచ్చింది. వాళ్ళవైపు దసరా అంటే జమ్మి ఆకే. ఆకు చేతిలో పెట్టి బంగారం అనాలి, పెద్దల కాళ్ళు మొక్కాలి, ఒకరినొకరు కౌగలించుకోవాలి. సింగపూర్‌లో జమ్మి ఎక్కడిది? ఆవిడ ముఖం చిన్నబోయింది.

"బాధ పడకమ్మా," అన్నాడు చక్రధర్. "మనకు గీ చెట్ల ఆకే బంగారం గదా. ఒక్కో కొమ్మ కోసి అందరికి పంచుదాం."

ముందు గదిలో పంచదగ్గ రెమ్మలు మిగల్లేదు. కత్తెర పట్టుకుని సరాసరి వెనక గదిలోకి నడిచాడు. వెనకాలే పట్టుచీరలు, పిల్లలు, వీడియో తీసేవాడు. సుభద్ర పరుగున వెళ్ళి గడపలో నిలబడింది.

"చక్రధర్ గారూ, ఒక్క నిమిషం ఆగండి. ఆ కత్తెరలన్నీ కలిసిపోయాయి. స్పిరిట్‌లో ముంచి ఇస్తాను."

"స్పిరిట్ అంటే ఏంది బిడ్డా?" అని అడిగింది కమలాదేవి.

"సారా లాంటిదే నానమ్మా," అన్నాడు ఉదయ్‌కిరణ్, సాయం చేస్తున్నాననుకుని.

కమలాదేవి చెవులు మూసుకున్నంత పని చేసింది. "పూజ చేసిన దాన్ని సారల ముంచుతరా? అమ్మవారి ముంగట పెట్టి పసుపు కుంకుమలు పెట్టినం. గంత పాపం ఎందుకు బిడ్డా?"

"మేడం, ఇయ్యాల ఒక్కరోజు మీ రూల్స్ పక్కకు పెట్టుండ్రి," అన్నాడు చక్రధర్. "పసుపు క్రిములను సంపుతదని మీ సైన్సే జెప్తది గదా."

పసుపు పూసిన కత్తెరతో కోస్తే కొమ్మకు తెగులు రాదని ఏ సైన్సూ చెప్పలేదు. ఆ మాట సుభద్ర నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా పెద్దావిడ, పక్కన కెమెరా, ముహూర్తం దాటిపోతోందని అందరి తొందర. ఆవిడ పక్కకు తప్పుకుంది. ఒక్కో తల్లి మొక్క నుంచి ఒక్కో రెమ్మ, అదే కత్తెరతో, వరస తప్పకుండా కోశాడు చక్రధర్. పిల్లలు సరదా పడితే వాళ్ళ చేతికీ ఇచ్చి కోయించాడు. కమలాదేవి ఒక రెమ్మ తెచ్చి, "బంగారం తీస్కో బిడ్డా, సల్లగుండు" అంది. సుభద్ర రెండు చేతులా తీసుకుని, వంగి కాళ్ళకు మొక్కింది. బస్సులో ఆ రెమ్మ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నంతసేపూ తన చేతులంటే తనకే రోత వేసింది.

మర్నాడు, ఆ గాయాలన్నిటికీ జానెడు కింద మళ్ళీ శుభ్రంగా కోసేస్తానని అడిగింది. "పండుగ నాడు కోసిన కొమ్మను మల్ల కోస్తే మంచిది కాదంటది అమ్మ," అన్నాడు చక్రధర్. "రోగం వచ్చినప్పుడు సూద్దాం తీయుండ్రి."

నవంబరు నెలాఖరుకు వచ్చింది. దసరా నాడు కోసిన చోట్లే, ఒక్కో మొక్కకు ఒక్కో చోట, బెరడు కుంగి గోధుమరంగుకు తిరిగింది. ఎండిన ఆకులు రాలకుండా వేలాడుతున్నాయి. కోసినవాడు వరసగా కోశాడు కాబట్టి తెగులూ వరసగానే నడిచింది. సుభద్ర చక్రధర్‌ను లాక్కొచ్చి చూపించింది. ఇప్పుడు కోస్తే సగానికి పైగా బతుకుతాయని, ఆలస్యమైతే చార వేరు మొదటిదాకా దిగుతుందని, జనవరిలో కొమ్మలు నాటే మాట మరిచిపొమ్మని చెప్పింది.

"డిసెంబర్ల పెట్టుబడి పెట్టేటోళ్ళు వస్తున్నరు మేడం," అన్నాడు. "వాళ్ళకు మొద్దులు సూపియ్యమంటరా? వాళ్ళు పోయినంక మీ ఇష్టం."

వాళ్ళు రావడానికి రెండు రోజుల ముందు, శనివారం మధ్యాహ్నం, సుభద్ర వెనక గది తలుపు తీసేసరికి ఉదయ్‌కిరణ్ నేల మీద గొంతుక్కూచుని ఉన్నాడు. చేతిలో పిల్లలు బొమ్మలు వేసుకునే కుంచె. పక్కన ఆకుపచ్చ రంగు డబ్బా. మచ్చ పడిన ప్రతి కొమ్మకూ రంగు పూసుకుంటూ వస్తున్నాడు. ఎండిన ఆకులన్నీ పీకి కుప్ప పోశాడు. పూసినదాని మీద మంచు పడినట్టు మెరవడానికి సీసాతో నీళ్ళు చిమ్ముతున్నాడు. ఎండిన ఆకును చేత్తో పీకితే కొత్త గాయం. నీళ్ళు చిమ్మితే తెగులుకు పల్లకీ. ఇలా చెయ్యమని చక్రధర్ చెప్పాడట. రంగు తడి, బెరడు పగుళ్ళ లోపలి నలుపు, మీద నీళ్ళు, అన్నీ కలిసి కుండీ అంచుల మీదికి పసరులాగా కారుతున్నాయి. బూజు నిమ్మకాయను ముద్దుగా చూసే సుభద్ర అటు చూడలేక ముఖం తిప్పుకుంది.

"ఫొటోలో చాలా నేచురల్‌గా వస్తుంది ఆంటీ," అన్నాడు ఉదయ్‌కిరణ్. వాడిలో చెడ్డతనం లేదు. అదే ఆవిడకు మరీ అసహ్యం.

ఇంటికెళ్ళి చెబితే గంగాధర్, "కందకు లేని దురద కత్తిపీటకెందుకు సుభద్రా? కంపెనీ అతనిది, మొక్కలు అతనివి" అన్నాడు.

"మొక్కలు అతనివైతే చార ఎక్కడిదాకా దిగిందో అతనికి తెలియాలిగా?" అంది సుభద్ర. "రేపు ఆదివారం నేను తువాస్ వెళ్తున్నానండీ. అలేఖ్యకు నూడుల్స్ కొనిపెట్టండి."

ఆదివారం కంపెనీ బస్సు ఉండదు, టాక్సీ చేసుకుని వెళ్ళింది. స్పిరిట్ సీసాలు, గుడ్డలు, నల్ల సంచులు, తెల్ల టేపు కత్తెర. ముందుగా స్పిరిట్ గుడ్డతో కొమ్మల మీద రంగు తుడిచింది, ఎక్కడ కోయాలో కనబడాలి కదా. గుడ్డకు ఆకుపచ్చ వెనకే గోధుమరంగు జిగురు అంటుకుని వచ్చింది. జానెడు కింద కోసింది, కోసిన చోటు చూసింది. చార ఉంది. కత్తెర ముంచి ఇంకా కిందికి కోసింది. తెల్ల చెక్క తగిలినప్పుడు ఆపి, తర్వాతి కొమ్మకు వెళ్ళింది. కొన్నిటిలో తెల్ల చెక్క తగల్లేదు, చార మట్టిలోకే పోయింది. వాటిని వేళ్ళతో సహా పెకలించి, కుండీ మట్టితో సహా సంచిలో వేసింది. సాయంత్రానికి వెనక గదిలో జానెడేసి మోళ్ళు పాతిక దాకా మిగిలాయి. నడుము విరిగిపోతోంది, వేళ్ళు స్పిరిట్‌కు పగిలి మండుతున్నాయి. దసరా తర్వాత మొదటిసారి ఆవిడకు తన చేతులు శుభ్రంగా ఉన్నాయనిపించింది.

సోమవారం పొద్దున చక్రధర్ వచ్చి చూశాడు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. "మేడం, మీరు నా కొంప ముంచిండ్రు," అన్నాడు.

"ముంచింది దసరా నాడు. ఇవి ఇప్పుడు బతుకుతాయి," అంది సుభద్ర.

ఇంకో మాటకు వ్యవధి లేదు, కార్లు వచ్చి ఆగాయి. టైలు కట్టుకున్న ఇద్దరు మగవాళ్ళు, ఒకావిడ దిగారు. గడప దాటేలోపే చక్రధర్‌కు తేనె తిరిగొచ్చింది. ఇది మా రెండో దశ అన్నాడు ఇంగ్లీషులో. పాత కొమ్మలన్నీ శాస్త్రీయంగా తీసేశాం, ఇక్కణ్ణించి వచ్చే చిగురుకు ప్రపంచంలో సాటి ఉండదు, ఇంత ధైర్యం ఇంకెవరూ చెయ్యరు, ఈవిడ మా సైంటిస్టు. ఏ ఎండకా గొడుగు పట్టేవాళ్ళను సుభద్ర చూసింది గానీ, ఎండా గొడుగూ రెండూ తనే తెచ్చుకునేవాణ్ణి చూడటం అదే మొదలు. వచ్చినావిడ సుభద్ర వైపు తిరిగి నిజమేనా అని అడిగింది.

"కాదండీ," అంది సుభద్ర, తనకొచ్చిన ఇంగ్లీషులోనే. "వీటికి తెగులు వచ్చింది. మా కత్తెరలతో మేమే అంటించాం. జబ్బున్నంతవరకూ కోసేశాను. వచ్చే ఏడు పండ్లు రావు."

ఉద్యోగం పోయిందనుకుంది సుభద్ర. పోతే పోయిందని ఊపిరి పీల్చుకుంది. వచ్చినావిడ మర్యాదగా తల ఊపి, చక్రధర్ వైపు తిరిగి, వెబ్‌సైట్ మీద రోజుకు ఎన్ని కళ్ళు పడుతున్నాయని అడిగింది. ఆ రోజుల్లో మనుషులను కళ్ళ కింద లెక్కపెట్టేవాళ్ళు. చక్రధర్ ఒక పెద్ద అంకె చెప్పాడు. ముగ్గురూ ఒకరినొకరు చూసుకుని చిరునవ్వు నవ్వారు. తర్వాత సూపర్‌మార్కెట్ నుంచి తెచ్చి గిన్నెలో పోసిన దిగుమతి బ్లూబెర్రీలు తిని, ఎంత తాజాగా ఉన్నాయో అని మెచ్చుకుని వెళ్ళిపోయారు. అబద్ధం చెప్పినవాడికి లాభం రావడం సుభద్రకు కొత్త కాదు. నిజం చెప్పినా ఎవరికీ నష్టం రాకపోవడం మాత్రం కొత్త.

పెట్టుబడి వచ్చింది. రెండు వేల సంవత్సరమూ వచ్చింది, గంగాధర్ కంప్యూటర్లకు ఏ తిక్కా పుట్టలేదు. చక్రధర్ సుభద్రను పనిలోంచి తియ్యలేదు సరికదా, నవ్వుతూ పలకరించాడు. ఇప్పుడది ఉత్త బ్లూబెర్రీల సైటు కాదు, అన్నీ దొరికే పోర్టల్ అట. నగరం నడిబొడ్డున కొత్త ఆఫీసు. మీరు అక్కడికొచ్చి మొక్కల చిట్కాలు టైపు చేస్తూ కూర్చోండి అన్నాడు. ఆవిడ రానంది. జనవరిలో మోళ్ళ మొదట్లోంచి చిగుళ్ళు లేచాయి. ముందు ఎర్రగా, తర్వాత లేతాకుపచ్చగా. ఒక చిగురు కోసి చీల్చి చూస్తే లోపల పాలలాగా ఉంది. శనివారం అలేఖ్యను తీసుకెళ్ళి చూపిస్తే ఆ పిల్ల వంగి, వేలితో తాకి, "సో క్యూట్ లా" అంది. సుభద్రకు అంతకన్నా పెద్ద బిరుదు ఎవరూ ఇవ్వలేదు.

చైనీస్ కొత్త సంవత్సరానికి వారమంతా సెలవన్నారు. "మొక్కల ఫికర్ చెయ్యకుండ్రి మేడం," అన్నాడు చక్రధర్ ఫోన్‌లో. "నీళ్ళు టైమర్ మీద నడుస్తయ్ గదా." అది ఆవిడ పెట్టిన టైమరే. నమ్మింది.

సెలవులయ్యాక వెళ్ళేసరికి తాళం తీసి ఉంది. లోపల చీకటి. తలుపు తియ్యగానే వేడి ముఖానికి కొట్టింది, రేకుల షెడ్డు వారం రోజులుగా మూసిన పొయ్యిలా కాగి ఉంది. చిల్లర్ల చప్పుడు లేదు, పంపు చప్పుడు లేదు. స్విచ్ వేస్తే దీపం వెలగలేదు. ముందు గదిలో ఉదయ్‌కిరణ్ టార్చి వెలుగులో కంప్యూటర్ వైర్లు పీకుతున్నాడు.

"ఆంటీ, మీకు మెయిల్ రాలేదా? షెడ్డు ఖాళీ చేస్తున్నాం. పండగ ముందే కరెంటు తీయించేశారు."

"మరి మొక్కలు?"

వాడు ఇంకో వైరు పీకాడు. "మొక్కల గురించి మీటింగ్‌లో ఎవరూ ఏమీ అనలేదు ఆంటీ," అన్నాడు.

సుభద్ర వాడి చేతిలో టార్చి తీసుకుని వెనక గదిలోకి వెళ్ళింది. చిగుళ్ళన్నీ నల్లబడి మోళ్ళకు అతుక్కుపోయి ఉన్నాయి. మట్టి కుండీని వదిలి గట్టిగా బిగుసుకుపోయింది. ఆవిడ నేల మీద కూర్చుని, టార్చి ఒళ్ళో పెట్టుకుని, ఒక మోడు మొదలంటా కోసి నిలువునా చీల్చింది. చూసి పక్కన పెట్టి, ఇంకొకటి తీసుకుంది.

ఉదయ్‌కిరణ్ గడపలో నిలబడ్డాడు. "చచ్చిపోయాయి కదా ఆంటీ, ఇంకా ఏం చూస్తున్నారు?"

"తెగులేమన్నా మిగిలిందేమోనని," అంది సుభద్ర.

పాతికా చీల్చింది. చెమట కంట్లోకి కారుతుంటే భుజంతో తుడుచుకుంటూ చివరిదాకా చీల్చింది. చెక్క ఎండిపోయింది గానీ ఎక్కడా గోధుమరంగు చార లేదు, ఒక్కదాంట్లో కూడా లేదు.